గుండ్రంగా తుడిచిన డిస్కు

మా ఇంట్లో ఆట ఆడేది నేను కాదు. మా ఆవిడా, ఆమె చెల్లెలూ. నా వంతు డిస్కు తుడవడం.

ఇది ఎనిమిదేళ్ల నాటి అలవాటు. సాయంత్రం నేను పని నుంచి వచ్చి కాళ్లు చేతులు కడుక్కునే సరికి మా ఆవిడ కుట్టు మిషను మీద గుడ్డ కప్పేది. డబ్బాలోంచి గేము డిస్కు తీసి నా చేతికిచ్చేది. నేను మెత్తటి గుడ్డతో తుడిచి తిరిగి ఇచ్చేవాణ్ణి. ఆ తర్వాతే అది గేము మిషనులోకి వెళ్లేది. ఒకసారి నేను రావడం ఆలస్యమైతే తుడవకుండానే పెట్టారట. తెర మీద బొమ్మ కదలకుండా నిలిచిపోయిందట. అది మొదలు నా చేయి పడనిదే ఆట మొదలయ్యేది కాదు.

నేను నేలలకు పాలిషు పెడతాను. ఇరవై ఆరేళ్లుగా రాతి నేలలను అద్దంలా చేస్తున్నాను. తుడవడం నాకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. అరచేతి మడమ ఆనించి, ఒకే బరువుతో, చుట్టూ చుట్టూ గుండ్రంగా. పాలిషు మిషను అందని మూలల్లో మేము చేత్తో పెట్టే పాలిషు అలాగే ఉంటుంది. డిస్కునూ అలాగే తుడిచాను. ఎప్పుడు చూసినా మెరుస్తూ ఉండేది.

ఆట పడవలది. ఒక నది, ఒక పడవ, ఇద్దరు మనుషులు. ఒకరు తెడ్లు వేస్తారు, ఒకరు చుక్కాని పడతారు. ఒంటి మనిషితో పడవ కదలదు. నలభై మలుపులు దాటితే సముద్రం వస్తుందట. తెడ్లు మా ఆవిడవి. చుక్కాని మా మరదలిది. ఆ అమ్మాయి ఓడరేవులో క్రేను నడుపుతుంది. చదువుకునే రోజుల నుంచీ మా ఇంట్లోనే ఉంది కాబట్టి నన్ను గౌరవించాలన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఏడు నెలల కిందట ఆమెను దూరపు రేవుకు మార్చారు. రైల్లో ఒక పగలంతా ప్రయాణం. వెళ్లే ముందు రెండు కొత్త గేము మిషన్లు తెచ్చింది, తనకొకటి, మాకొకటి. సన్నగా, తెల్లగా, ముచ్చటగా ఉన్నాయి. డిస్కు పెట్టే నోరు మాత్రం లేదు. ఇప్పుడు ఆటలన్నీ నెట్‌లో దిగిపోతాయి, డిస్కుల కాలం పోయింది అని చెప్పింది. తీరా చూస్తే పడవల ఆట నెట్‌లో లేదు. దాన్ని తయారు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అమ్మేవాళ్లు లేరు.

అప్పటికి ముప్పై తొమ్మిది మలుపులు దాటారు. నలభయ్యోది అలాగే ఉండిపోయింది.

మా ఆవిడ కొత్త మిషనును ప్లాస్టిక్ కవరు కూడా తీయకుండా బీరువా మీద పెట్టింది. పాతది మంచం కిందికి తోసింది. ఒక రోజు టీవీ మీద దుమ్ము దులుపుతూ, "ఆ సముద్రం ఎలా ఉంటుందో" అంది. నాతో కాదు. నేను విన్నాను.

తర్వాత ఒక రోజు నాకు పని లేదు. కొత్తగా పరిచిన నేల ఇంకా ఆరలేదు. ఉదయం తొమ్మిదింటికి ఫోను మోగింది. మా ఆవిడ చేతిలో కత్తెర ఉంది, అందుకని స్పీకరులో పెట్టింది.

"అక్కా, పాత మిషను ఉందా, పారేశావా?" మరదలి గొంతు. వెనకాల రేవులో ఏవో బండ్లు కూతలు పెడుతున్నాయి.

"ఉంది. మంచం కింద. ఏమే, పొద్దున్నే?"

"డిస్కు?"

"దాన్ని మీ బావ నెత్తిన పెట్టుకుని చూసుకుంటున్నారు. సంగతేంటో చెప్పు, నాకు యాభై చొక్కాలకు కాలర్లు కుట్టాలి."

"ఆ కాలర్లు పక్కన పెట్టు. మిషను కంపెనీ వాళ్లు పాత డిస్కులున్న వాళ్లకు అవకాశం ఇచ్చారు. పాత మిషనులో డిస్కు పెట్టి, మొదట్నుంచి చివరిదాకా ఒక్కసారి చదివిస్తే చాలు. ఆట మన ఖాతాలోకి ఎక్కిపోతుంది. ఇంక డిస్కుతో పనే లేదు. మనిద్దరిదీ ఒకే ఇంటి ఖాతా కదా, నీ కొత్త మిషనులోకీ దిగుతుంది, నా దాంట్లోకీ దిగుతుంది. నువ్వక్కడ, నేనిక్కడ, పడవ ఒకటే."

మా ఆవిడ కత్తెర కింద పెట్టింది. గుడ్డ మీద పెట్టాననుకుంది. కత్తెర నేల మీద పడింది.

"ఎప్పటిదాకా?"

"అదే చెప్పబోతున్నా. ఇవాళ సాయంత్రం ఆరింటిదాకా. నెల నుంచీ ఉందట. నేనిప్పుడే చూశాను, టీ తాగుతూ."

"నెల నుంచీ టీ తాగలేదా నువ్వు?"

"తిట్లు సాయంత్రం. బావా, ఉన్నావా అక్కడ?"

"ఉన్నా."

"పాలిషు బావా, ఇవాళ ఒళ్లు దగ్గర పెట్టుకుని తుడువు. ఈ ఒక్కసారే. రేపట్నుంచి నీకు ఉద్యోగం లేదు."

నవ్వాను. నవ్వాక ఆ మాట కాసేపు లోపల తిరిగింది.

పాత మిషనును మంచం కింద నుంచి లాగాం. మా ఆవిడ దుమ్ము ఊదింది, నేను వైర్లు తగిలించాను. ఏడు నెలలు పడుకున్న మిషను లేస్తూనే ఫ్యాను రొద పెట్టింది. మా ఆవిడ డిస్కు తీసి నా చేతికిచ్చింది. ఎప్పటికన్నా శ్రద్ధగా తుడిచాను. రెండు నిమిషాలు, చుట్టూ చుట్టూ. కిటికీ దగ్గర పెట్టి చూస్తే నా ముఖం కనిపించింది.

తెర మీద అడిగింది, ఈ ఆటను మీ ఖాతాలోకి మార్చాలా అని. మా ఆవిడ నొక్కింది. చదవడం మొదలైంది. ఒకటి. రెండు. మూడు. నూటికి ఎంత అయిందో అంకె చూపిస్తుంది. అంకె మారినప్పుడల్లా మా ఆవిడ దాన్ని పైకి చదివింది. ఇరవై దాటాక కుట్టుకుంటానని లేచి వెళ్లింది. ఒక్క కాలరు కూడా కుట్టలేదు. ముప్పై దగ్గర తిరిగొచ్చి కూర్చుంది.

అరవై ఒకటి దగ్గర మిషను లోపల టకటక మంది. ఆగింది. మళ్లీ టకటక. తెర మీద మాటలు వచ్చాయి. డిస్కు చదవలేకపోతున్నాం. తీసి, శుభ్రంగా తుడిచి, మళ్లీ పెట్టండి.

"తుడవండి" అని మా ఆవిడ డిస్కు తీసి ఇచ్చింది.

ఈసారి కొత్త గుడ్డ తీసుకున్నాను. ఊపిరి ఊది, గట్టిగా, చుట్టూ తుడిచాను. మా ఆవిడ మిషనులో పెట్టింది. చదివినంత వరకూ మిషను గుర్తు పెట్టుకుంది, అరవై ఒకటి నుంచే మొదలైంది. టకటక. అక్కడే ఆగింది.

"ఇంకా బాగా తుడవండి."

మూడోసారి మోచేతి బలమంతా పెట్టాను. అరవై ఒకటి.

పదిన్నర అయింది. మా ఆవిడ నా వైపు చూసింది. తలుపు సరిగా మూసుకోనప్పుడు వడ్రంగి వైపు చూసే చూపు అది.

"బజారులో ఒకతను ఉండేవాడు కదా, డిస్కుల గీతలు పోగొట్టేవాడు" అంది.

ఉండేవాడు. గీతల డాక్టరు అనేవారు అతన్ని. సైకిలు తీశాను. డిస్కును డబ్బాలో పెట్టి, డబ్బాను గుడ్డలో చుట్టి, ఆ గుడ్డను చొక్కా లోపల పెట్టుకున్నాను. తొక్కుతుంటే డబ్బా పొట్టకు తగిలి చల్లగా ఉంది. ఎర్ర దీపం దగ్గర ఆగినప్పుడల్లా అది ఉందో లేదో తడిమి చూసుకున్నాను. పక్కన ఆగిన వ్యాను డ్రైవరు కడుపు నొప్పా అని అడిగాడు. కాదన్నాను.

గీతల డాక్టరు అంగడి నిండా ఫోను కవర్లు వేలాడుతున్నాయి. గులాబీ రంగువి, మెరిసేవి, చెవులున్నవి. వాటి మధ్య అతను కూర్చుని ఒక గాజు అంటిస్తున్నాడు. డిస్కు బయటికి తీశాను. చేతిలో పని వదిలేసి లేచి నిలబడ్డాడు.

"రెండేళ్లయింది ఒకటి నా చేతికి వచ్చి" అన్నాడు.

అతను పట్టుకున్న తీరు చూశాను. నడిమి కన్నంలో బొటనవేలు, అంచున మధ్యవేలు. మెరిసే వైపు ఎక్కడా చర్మం తగలలేదు. బల్ల దీపం వేసి, దాని కింద డిస్కును మెల్లగా వాల్చాడు. నేనూ వంగి చూశాను. మా ఇంట్లో కిటికీ వెలుతురులో కనిపించనిది అక్కడ కనిపించింది. సన్నటి గీతలు, వెంట్రుక కన్నా సన్నవి, వందలు, ఒకదాని లోపల ఒకటి, గుండ్రంగా. నీళ్లలో రాయి వేస్తే లేచే అలల్లా. మధ్యలో ఒకచోట అవి చిక్కబడి, పట్టీలా ఉన్నాయి.

"ఎవరు తుడుస్తారు దీన్ని?"

"ఇంట్లో."

"ఇంట్లో ఎవరు?"

అతను నా చేతులు చూశాడు. ఎంత కడిగినా గోళ్ల సందుల్లో రాతి పొడి ఉంటుంది.

"నేల పాలిషా?"

"ఆ."

"అనుకున్నా" అన్నాడు. "చూడు మేస్త్రీ, దీని మీద రాత చుట్టలు చుట్టుకుని ఉంటుంది. లోపల మొదలై అంచు దాకా వెళ్తుంది. గీత అడ్డంగా పడితే మిషను దాన్ని దాటేస్తుంది, మనం కాలువ దాటినట్టు. కానీ రాత వెంబడే గీత పడిందనుకో, ఇంక దాటేదెక్కడ? కాలువలోనే నడుస్తూ పోవాలి. అందుకే డిస్కును ఎప్పుడూ నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవాలి. గుండ్రంగా తుడిచావో అయిపోయింది."

నేను డిస్కు మీది అలలనే చూస్తున్నాను.

"చిన్నపిల్లలు గోడకేసి గీకినవి బాగు చేశాను. కుక్క నమిలింది కూడా చేశాను. ఇంత శ్రద్ధగా పాడు చేసింది మాత్రం ఇదే చూడటం."

అరచేతి మడమ ఆనే చోటు ఎక్కడో నేను లెక్క వేసుకున్నాను. చిక్కటి పట్టీ సరిగ్గా అక్కడే ఉంది. అరవై ఒకటి అక్కడే ఉండి ఉంటుంది.

"నీ గీతలు తీసే మిషనులో పెట్టు" అన్నాను. "సాయంత్రం ఆరింటిలోపు ఒక్కసారి చదివితే చాలు."

"మిషనెక్కడుంది? పాత సామాన్ల వాడు ఎత్తుకెళ్లాడు." అతను డిస్కును మళ్లీ వాల్చి చూశాడు. "అయినా నువ్వు నన్నడగడమేంటి? నా మిషను చేసేదీ నువ్వు చేసేదీ ఒకటే పని. గీత అడుగు దాకా పైపొరను అరగదీయడం, మళ్లీ మెరుపు తేవడం. ఇది పాత రకం, పైపొర మందంగానే ఉంది. కొత్త రకమైతే ముట్టుకోవద్దనేవాణ్ణి. నీ దగ్గర అరగదీసే వాటర్ పేపరు ఏ నంబరు దాకా ఉంది?"

"మూడు వేల దాకా. ఆ పైన పాలిషు పొడి ఉంది."

"ఇంకేం కావాలి? నీళ్లు పెట్టి తీయి. తిన్నగా, నడిమి నుంచి అంచుకు. ఒక్క చుట్టు కూడా తిప్పకు. మధ్యలో ఆశ పడి మిషనులో పెట్టి చూడకు, మసకగా ఉన్నప్పుడు అసలే చదవదు. చివరిదాకా వెళ్లాకే పెట్టు." డిస్కు నా చేతిలో పెట్టి నా వేళ్లు సర్ది, కన్నంలో బొటనవేలు దూర్చాడు. "ఇలా పట్టుకో. అయిందో లేదో ఒకసారి వచ్చి చెప్పు. ఊరికే తెలుసుకుందామని."

తిరుగు దారిలో సైకిలు ఎలా తొక్కానో గుర్తు లేదు. ఇంటికొచ్చే సరికి పన్నెండున్నర.

పని సంచి కింద కుమ్మరించి పేపర్లు ఏరాను. నంబరు పెరిగే కొద్దీ గరుకు తగ్గుతుంది. రెండు వేల నంబరుది అరచేయంత మిగిలింది. మూడు వేలది కొత్తది ఉంది. బల్ల మీద మెత్తటి ఫెల్టు గుడ్డ పరిచి, డిస్కును మెరిసే వైపు పైకి పెట్టి, చిన్న చెక్క ముక్కకు పేపరు చుట్టి, నీళ్లు చిలకరించి చేయి ఆనించాను.

చేయి గుండ్రంగా తిరిగింది.

వెంటనే ఆపాను. మళ్లీ ఆనించాను. మనసులో తిన్నగా అనుకుంటూనే ఉన్నాను. నడిమి నుంచి సగం దాకా బాగానే వెళ్లి, అక్కడ మణికట్టు దానంతటది వంపు తిరిగింది. మూడోసారీ అంతే. ఇరవై ఆరేళ్లు ఒకటే చుట్టు తిరిగిన చేయి అది, నా మాట వినదు. నుదుటి మీద చెమట పట్టింది.

మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"తిన్నగా ఎందుకు? మీరెప్పుడూ చుట్టూ కదా తుడిచేది."

చెప్పక తప్పలేదు. డాక్టరు చెప్పింది చెప్పాను, ఎక్కువా తక్కువా లేకుండా. అరవై ఒకటి దగ్గర పాడైంది నా అరచేతి వల్లే అన్నాను. ఎనిమిదేళ్లూ అన్నాను. చెబుతున్నంత సేపూ పేపరు చుట్టిన చెక్కనే చూశాను.

ఆమె లోపలికి వెళ్లింది. కుట్టు మిషను దగ్గర ఏదో వెతుకుతున్న చప్పుడైంది. ఇంక మాట్లాడదనుకున్నాను. తిరిగొచ్చింది. చేతిలో గుడ్డ కొలిచే చెక్క స్కేలు ఉంది.

"నాకు కొత్తలో కత్తెర వంకర పోయేది" అంది. "స్కేలు పెట్టి కోసేదాన్ని." డిస్కు నడిమి నుంచి అంచు దాకా, తగలకుండా కాస్త ఎత్తులో, స్కేలును అడ్డంగా పట్టుకుంది. "దీన్ని ఆనించి లాగండి."

స్కేలు అంచుకు చెక్కను ఆనించి లాగాను. తిన్నగా వెళ్లింది.

"మళ్లీ."

మళ్లీ లాగాను. ఆమె ఎడమ చేతి చూపుడువేలు కన్నంలో పెట్టి డిస్కును రవంత తిప్పింది. సూది కింద కాలరు మూల తిప్పేటప్పుడు తిప్పినంతే. నేను లాగాను, ఆమె తిప్పింది. లాగాను, తిప్పింది. కాసేపటికి చెప్పుకోవాల్సిన పని లేకపోయింది. నా చేయి వెనక్కి వచ్చే సరికి డిస్కు తిరిగి సిద్ధంగా ఉండేది.

మెరుపు పోయి డిస్కు అంతా పాల గాజులా మసకబారింది. మా ఆవిడ తిప్పడం ఆపింది.

"ఇది పోయిందా?"

"మొదట ఇలాగే ఉంటుంది. నేలా ఇంతే."

"నమ్మమంటారా?"

"నమ్ము. ఇది నా పనే."

ఒక చుట్టు పూర్తయితే కడగడం, దీపం కింద వాల్చి చూడటం, ఇంకో చుట్టు. చిక్కటి పట్టీ పలచబడింది. మూడో కడుగులో సగమే మిగిలింది. అయిదో కడుగులో కనబడలేదు. మూడు వేల పేపరు మొదలుపెట్టేటప్పటికి రెండు దాటింది. అన్నం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఎంత పెద్ద భవనంలో నేల తీసినా నాకిలా ఎప్పుడూ కాలేదు.

"ఒక మాట" అంది మా ఆవిడ, డిస్కు తిప్పుతూ. "చెల్లికి ఇప్పుడే చెప్పకండి. దానికి నవ్వొస్తే చేయి నిలవదు. ఆట అయ్యాక చెబుదురు గాని."

చివరికి పొడి. తడి ఫెల్టు మీద చిటికెడు వేసి, అదే స్కేలు, అదే దారి. పాల గాజులోంచి ముందు కిటికీ మసగ్గా కనిపించింది. తర్వాత కిటికీ ఊచలు కనిపించాయి. తర్వాత మా ఆవిడ ముఖం, ముక్కు మీద పొడి మరకతో సహా. నాలుగున్నర.

డిస్కు పెట్టింది. అరవై ఒకటి.

టకటక మనలేదు.

అరవై రెండు.

మా ఆవిడ నా మోచేయి పట్టుకుంది. అరవై మూడు. అరవై నాలుగు. ఫోను మోగింది. మరదలు క్రేను దిగింది.

"ఎంత దాకా వచ్చింది?"

"అరవై ఆరు" అంది మా ఆవిడ.

"పొద్దున్నించీ అరవై ఆరేనా? తాబేలును పెట్టారా లోపల?"

"నోరు మూసుకుని ఇంటికి పో. మిషను పెట్టుకుని కూర్చో."

ఫోను ఆపలేదు. బస్సు ఎక్కిన చప్పుడు, దిగిన చప్పుడు, మెట్లెక్కిన చప్పుడు అన్నీ మా గదిలో వినిపించాయి. డెబ్బై. డెబ్బై అయిదు. ఎనభై. అయిదూ పది అయ్యే సరికి ఎనభై ఎనిమిది.

టకటక.

"ఏమైంది? అక్కా, ఏమైంది?"

మా ఆవిడ డిస్కు తీసి నాకిచ్చింది. కన్నంలో బొటనవేలు పెట్టి దీపం కింద వాల్చాను. లోపలంతా అద్దమే. అంచు దగ్గర మాత్రం, గోరంత వెడల్పున, ఇంకా అలలున్నాయి. రాత లోపల మొదలై అంచు దాకా వెళ్తుందని డాక్టరు చెప్పాడు. ఎనభై ఎనిమిది అంటే అంచే. స్కేలు పట్టుకున్న మా ఆవిడ వేళ్లకు తగులుతుందని, ప్రతిసారీ చెక్కను అంచుకు రవంత ముందే ఎత్తేశాను. గోడ వారన పాలిషు వదిలేసినట్టు.

"వేళ్లు వెనక్కి తీసుకో" అన్నాను.

"తగిలితే తగలనివ్వండి."

"వేళ్లు లేకపోతే తెడ్లు ఎవరు వేస్తారు?"

ఫోనులోంచి నవ్వు వినిపించింది. మా ఆవిడ స్కేలును అటు చివర పట్టుకుంది. రెండు వేలు. కడుగు. మూడు వేలు. కడుగు. పొడి. గడియారం వైపు చూడొద్దనుకున్నాను. మరదలు చూసి చెబుతూనే ఉంది. అయిదూ ఇరవై. అయిదూ ముప్పై. అయిదూ ముప్పై ఎనిమిది. ఎవరైనా దాని నోరు మూయించండి అనుకున్నాను గానీ, నిజానికి ఆ గొంతు వల్లే చేయి ఆగకుండా నడిచింది.

అయిదూ నలభైకి పెట్టాం. ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది. ఇద్దరం నేల మీదే కూర్చున్నాం. తొంభై రెండు దగ్గర ఒకసారి టక్ మంది. మా ఆవిడ కళ్లు మూసుకుంది. తొంభై మూడు అన్నాను. తెరిచింది. తొంభై ఏడు దగ్గర మిషను ఫ్యాను ఇంటి పైకప్పు ఎగిరిపోయేంత రొద పెట్టింది. విసనకర్ర లేక కుట్టిన చొక్కా ఒకటి తీసుకుని దానికి విసిరాను.

నూరు. అయిదూ యాభై మూడు.

ఈ ఆట ఇప్పుడు మీ ఖాతాలో ఉంది. ఈ డిస్కు ఇకపై పనిచేయదు.

మొదటి వాక్యం మా ఆవిడ పైకి చదివింది. రెండోది నేను లోపల చదువుకున్నాను.

"వచ్చింది" అని ఫోనులో మరదలు కేక పెట్టింది. "అక్కా, నా తెర మీద పడవ బొమ్మ వచ్చింది. మన పడవే. మన ముప్పై తొమ్మిది మలుపులూ ఉన్నాయి."

బీరువా మీది నుంచి కొత్త మిషను దించాను. ఏడు నెలల ప్లాస్టిక్ కవరును మా ఆవిడ పళ్లతో చించింది. ఆట దిగడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాల్లో అన్నం తిన్నాం, నిలబడే.

ఆరున్నరకు నలభయ్యో మలుపు మొదలైంది. మూడు పాయలుగా చీలిన నది, నడుమ నల్ల రాళ్లు. ఫోను స్పీకరు బల్ల మీద.

"కుడి తెడ్డు. కుడి అక్కా, కుడి. అది ఎడమ."

"ఏడు నెలలైంది, చేతులు మర్చిపోయాయి."

"నేను రోజూ ఇరవై టన్నుల పెట్టెలు తిప్పుతున్నా, నాకు గుర్తుంది."

పడవ రాయిని కొట్టి మునిగింది. రెండోసారి మొదటి పాయ దాటారు, రెండోది దాటారు. మూడో పాయ నోటి దగ్గర, మరదలు ఉన్నట్టుండి అడిగింది.

"అవును, పొద్దున్నుంచీ డిస్కు ఎందుకు ఆగిందో చెప్పనే లేదు."

మా ఆవిడ నా వైపు చూసింది, వద్దన్నట్టు. ఏడు నెలలు ఆగింది నా వల్ల కాకపోయినా, ఆ రోజంతా ఆగింది నా వల్లే. దాచుకోబుద్ధి కాలేదు.

"నేను గుండ్రంగా తుడిచాను" అన్నాను. "డిస్కును అలా తుడవకూడదట."

"ఎన్నాళ్లు?"

"ఎనిమిదేళ్లు."

పడవ నిమ్మళంగా రాళ్ల వైపు జారుతోంది.

"నేల తుడిచినట్టు తుడిచావా బావా?"

"ఆ."

"మెరిసిందా?"

"మెరిసింది."

అంతే, చుక్కాని వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. పడవ గిరగిరా తిరిగి మునిగింది. "చెప్పొద్దన్నానా" అని మా ఆవిడ నన్ను తిట్టి, తనూ నవ్వింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. ఏడు నెలల్లో ఆ నవ్వు నేను వినలేదు.

మూడోసారి ఇద్దరూ మాట్లాడలేదు. మొదటి పాయ. రెండో పాయ. మూడో పాయలో మా ఆవిడ తెడ్లు ఎత్తి, ఆగింది. అక్కడెక్కడో ఉన్న చెల్లెలు అదే క్షణంలో చుక్కాని తిప్పింది. ఒకరికొకరు ఏమీ చెప్పుకోలేదు. మధ్యాహ్నం బల్ల మీద నా చేయి వెనక్కి రాగానే డిస్కు తిరిగింది కదా, అలాగే తిరిగింది పడవ. రాళ్లు రెండు పక్కలకూ పోయాయి. తెరంతా ఒక్కసారిగా నీలం.

అలలు చిన్నవి. ఎండ ఉంది. పడవ మెల్లగా ఊగుతోంది. అంతకన్నా ఏమీ లేదు ఆ సముద్రంలో. ఫోనులో మరదలు ముక్కు చీదింది.

"బాగుందే" అంది మా ఆవిడ.

"బాగుంది. అక్కా, మళ్లీ మొదటి మలుపు నుంచి?"

"ఇప్పుడేనా?"

"ఇంకెప్పుడు? ఈసారి తెడ్లు నావి."

మా ఆవిడ చెయ్యి చాపింది, నా వైపు, అలవాటుగా. చాపిన చేతిలో డిస్కు లేదని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. నేనప్పటికే గుడ్డ తీసుకుని ఉన్నాను. ఆమె ఒక క్షణం ఆలోచించి, రెండో చేతిలోని ఆట రిమోటును నాకు అందించింది. పొడి మరకలు, చెమట, అన్నం తిన్న వేళ్ల జిడ్డు, అన్నీ ఉన్నాయి దాని మీద.

స్కేలు కోసం చూశాను.

"గుండ్రంగానే తుడవండి" అంది మా ఆవిడ. "దీనికేం కాదు."